ఉమ్మేయని చుక్క

సాతంరాయి,
జూన్ 9

మున్నా,

కవరు మీద సొహైల్ అని రాశాను, పోస్టు వాళ్ల కోసం. లోపల మాత్రం నాకు చేతకాదు. మా బ్లెసన్‌తో పాటు బడి సంచి వేసుకొని మా గడప మీద కూర్చున్ననాటి నుంచి నువ్వు నాకు మున్నావే.

నీ గోవా అడ్రసు మీ అమ్మ ఫహ్మీదా ఇచ్చింది. ఇవ్వడానికి కూడా వెనకాముందాడింది. "అక్కా, వాడు నాతోనే సక్కగ మాట్లాడ్తలేడు" అన్నది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "పెద్దమ్మా, డ్యూటీల ఉన్న, మల్ల చేస్త" అని పెట్టేస్తావు. మళ్లీ చేయవు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చేయలేవు కదా. నేను చదివింది అయిదో తరగతి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఓపిక చేసుకొని చదువు.

నేను బాగున్నాను అని మొదట రాయాలంటారు. బాగాలేను. విమానాల్లోకి అన్నాలు ప్యాక్ చేసే వంటశాలకు మళ్లీ పోతున్నాను. పొద్దంతా క్యారెట్లు, బీన్సు కోస్తాను. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ. కళ్లల్లో నీళ్లు తిరిగితే ఉల్లిగడ్డలు అనుకుంటారు. నేను కోసేది క్యారెట్లని ఎవరూ చూడరు.

ఇప్పుడు అసలు సంగతి. మా సందులో ఉండే మంజుల నీకు తెలుసు కదా, చర్చిలో స్త్రీల కూడిక నడిపిస్తుంది. పోయిన ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే పక్కకు వచ్చి అన్నది: "లీలమ్మక్కా, ఏమనుకోకు. బార్ల పనిచేసేటోడు ముట్టకుంట ఉంటడా? బండి మీద వస్తుంటే గదే అయ్యుంటదని అందరు అనుకుంటుండ్రు. నేనైతే అంటలేను."

తను అనడం లేదట. మరి నాకు చెప్పింది ఎవరు?

నేను ఏమన్నానంటే, నా కొడుకు బ్లెసన్ ఆ హోటల్ బార్‌లో పనికి చేరేముందు బైబిల్ మీద చేయి వేసి నాకు మాట ఇచ్చాడు, అమ్ముతాను కానీ తాగను అని. అదీగాక, వాణ్ణి మట్టి చేసిన రోజు నువ్వు నా పక్కన కూర్చొని "పెద్దమ్మా, ఆ దినం వాడు ఒక్క చుక్క ముట్టలే" అన్నావు. ఆ మాట పట్టుకొనే నేను తర్వాతి ఆదివారం అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పాను. నా కొడుకు తాగలేదు, ఆ నీళ్ల ట్యాంకర్ వాడు లైట్లు లేకుండా వెనక్కి తీశాడు, అని చెప్పాను.

నవంబరు పదహారుకు ఏడాది. ప్రేమ్ రాజ్ పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నారు. ఆ రోజు నేను మళ్లీ లేచి నిలబడాలి. నీ చేతితో రాసి పంపు మున్నా. ఆ రోజు బ్లెసన్ తాగలేదు, నేను పక్కనే ఉన్నాను అని ఒక్క ముక్క రాస్తే చాలు. మంజుల ముందు వరసలో కూర్చుంటుంది. ఆమె ముఖం చూస్తూ చదువుతాను.

ఆలస్యం చేయకు.

నీ పెద్దమ్మ
లీలమ్మ

*

మాపుసా, గోవా
జూలై 2

పెద్దమ్మకు సలాం.

మీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను. నేను తెలుగు రాసి చాలా రోజులైంది. బ్లెసన్ నా నోట్సులు రాసిపెట్టేవాడు, అందుకే నా రాత మీ రాత కంటే అన్యాయం.

నేను ఇక్కడ క్షేమం. జిన్ చేసే ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. మీకు జిన్ అంటే తెలియదు కదా. నీళ్లలా తెల్లగా ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో కాకుండా ఇక్కడ రాగి బట్టీలో కొంచెం కొంచెంగా తీస్తారు. జునిపర్ అని ఎండిన నల్ల కాయలు వస్తాయి, చిదిమితే దేవదారు చెక్క వాసన. అవి లేకుంటే అది జిన్ కాదు. తర్వాత ధనియాలు, నారింజ తొక్క, యాలకులు, ఎవరి ఇష్టం వాళ్లది. ఆ ఆవిరి చల్లబడి చుక్క చుక్కగా పడుతుంటే మా పెద్దాయన గ్లాసు పట్టుకొని కూర్చుంటాడు. కొన్ని నీళ్లు కలిపి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూస్తాడు. మీరు చూస్తే నవ్వుతారు.

బ్లెసన్ ఇక్కడ ఉంటే ఆ పెద్దాయన కుర్చీ వాడిదే అయ్యేది. వాడి నాలుక అట్లాంటిది. నేనూ వాడూ పనిచేసిన హోటల్లో కాక్‌టెయిళ్లు అందరూ కలుపుతారు. షేకర్ ఊపితే కాక్‌టెయిల్ అయిపోదు. నిమ్మరసం కొంచెం ఎక్కువైతే జిన్‌లో ధనియాల వాసన చచ్చిపోతుంది, పాకం ఎక్కువైతే షర్బత్ అవుతుంది. అది వాడికి ఎవరూ నేర్పలేదు. ఒకసారి మీతో రెండు కిలోల చింతచిగురు తెప్పించాడు గుర్తుందా? హోటల్లో పప్పు చేస్తారని మీరు అనుకున్నారు. దాన్ని జిన్‌లో నానబెట్టాడు. బెల్లం పాకం, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పైన సోడా. విమానం ఎక్కబోయే వాళ్లు వచ్చి "ఆ పుల్లటిది ఇవ్వండి" అని అడిగేవాళ్లు.

వాడు చాలా మంచివాడు పెద్దమ్మా. అట్లాంటి దోస్తు నాకు మళ్లీ దొరకడు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. బట్టలు ఆరడం లేదు. మీరు ఆరోగ్యం చూసుకోండి. మోకాలి నొప్పికి దవాఖానకు పోతున్నారా?

మీ
సొహైల్

*

సాతంరాయి,
ఆగస్టు 21

మున్నా,

నేను అడిగింది ఒక్క ముక్క. నువ్వు రాసింది ధనియాలు, నారింజ తొక్క, ఆరని బట్టలు. నీ ఉత్తరం అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, ఎక్కడన్నా మూలకు రాశావేమోనని. మంచివాడట. నా కొడుకు మంచివాడని నాకు నువ్వు చెప్పాలా?

కోపం వచ్చి చాలా రోజులు జవాబు రాయలేదు. తర్వాత ఒక బుధవారం సెలవు పెట్టి మీ హోటల్‌కు నేనే పోయాను. వాడు మూడేళ్లు పనిచేసిన చోటు, ఇంటి నుంచి బస్సులో అరగంట లేదు, నేను ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. బార్ అంటే నరకానికి దారి అన్నట్టు ముఖం తిప్పుకొనేదాన్ని. గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఇంటర్వ్యూనా అమ్మా, హౌస్‌కీపింగ్ గేటు అటు దిక్కు" అన్నాడు. బ్లెసన్ వాళ్ల అమ్మను అంటే టోపీ తీసి లోపలికి తీసుకుపోయాడు.

మధ్యాహ్నం మూడు గంటలు. బార్‌లో ఒక్క మనిషి లేడు. మేనేజర్ ఉపేందర్ వచ్చాడు. బుద్వేల్ వాళ్లట, మాట మన మాటే. "కూసో అమ్మా, కూసో" అని ఎత్తు కుర్చీ చూపించాడు. నాకు ఎక్కరాలేదు. అతనే ఒక మామూలు కుర్చీ తెచ్చి వేశాడు.

"బాబూ, నా కొడుకు ఏం పని చేసేటోడో జర చూపెట్టు" అన్నాను. తాగాడా లేదా అని నేరుగా అడగడానికి నోరు రాలేదు.

చూపించాడు. ముందు మందు లేకుండా ఆ చింతచిగురు పానకం కలిపి ఇచ్చాడు. ఫ్రీజర్‌లో ఇంకా దాచాడట. మున్నా, నా చిగురే అది. నేను చెట్టు కింద నిలబడి దులిపిన చిగురు. పప్పులో వేస్తే నాకు తెలిసిన పులుపు, ఇందులో ఇంకోలా ఉంది. సగం తాగి పక్కన పెట్టాను.

తర్వాత చిన్న గ్లాసులో జిన్ పోసి "వాసన చూడు అమ్మా, తాగనవసరం లేదు" అన్నాడు. మొదట దవాఖాన వాసన కొట్టింది. మళ్లీ చూస్తే ధనియాలు. "ఇవి వేయించకుంట పచ్చివే ఏసిండ్రు గదా" అన్నాను. ఉపేందర్ నా ముఖం చూశాడు. "బ్లెసన్ కూడ పస్టు దినం గిదే అన్నడు" అన్నాడు. నాకు అప్పుడు ఏమైందో తెలియదు. నా కొడుకు నాలుక మీద ఏముందో నాకూ తెలియాలి అనిపించింది. ఆ గ్లాసు ఎత్తి నోట్లో పోసుకున్నాను.

దేవుడు క్షమించాలి. యాభై ఆరేళ్ల వయసులో మొదటిసారి.

ఉపేందర్ గబగబా ఒక స్టీలు గిన్నె నా ముందు పెట్టాడు. "ఉమ్మెయ్ అమ్మా, ఉమ్మెయ్. రుచి చూసినంక ఇండ్ల ఉమ్మాలె, మింగొద్దు." నేను గిన్నె వంక చూశాను. ఒక మనిషి ఎదురుగా కూర్చొని ఇచ్చినదాన్ని అతని ముందే ఉమ్మేయడమా? నాకు రాలేదు. మింగేశాను. గొంతు నుంచి బొడ్డు దాకా నిప్పు గీసినట్టు అయింది.

అప్పుడు అతను నవ్వి అన్నాడు, "నువ్వు గూడ గంతేనా అమ్మా. బ్లెసన్‌కు గూడ మూడేండ్లు చెప్పిన. గిన్నె పెడ్తె ఉమ్మేటోడే కాదు."

అని ఆగిపోయాడు. అనకూడని మాట అన్నానని అతనికి తెలిసింది. నేను ఎంత అడిగినా ఒకటే మాట. "ఆ దినం నేను లీవుల ఉన్న, సొహైల్‌నే అడుగు" అన్నాడు.

కాబట్టి అడుగుతున్నాను. నా కొడుకు మింగేవాడా? రోజూ మింగేవాడా? నీకు తెలుసు. తెలిసే నా పక్కన కూర్చొని, నా చేయి పట్టుకొని, ఒక్క చుక్క ముట్టలేదు అన్నావు. నేను ఆ మాట దేవుని మందిరంలో నిలబడి చెప్పాను మున్నా. నా చేత అబద్ధ సాక్ష్యం చెప్పించావా?

ఈసారి వానల సంగతి రాయకు.

లీలమ్మ

*

మాపుసా,
సెప్టెంబరు 14

పెద్దమ్మా,

మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. మంచి అయినా చెడ్డ అయినా దీన్నే పోస్టు చేస్తాను.

ముందు ఒక మాట. నేను బార్‌లో పని మానేశాను. పోయిన ఉత్తరంలో రాయలేదు. ఇక్కడ సీసాలకు లేబుళ్లు అంటిస్తాను. గ్లాసు ముట్టుకోను.

నేను తాగనని మీకు తెలుసు. మా ఇంట్లో అది హరామ్. బార్‌లో ఉద్యోగం చేస్తున్నానని అబ్బా ఆరు నెలలు మాట్లాడలేదు, నోటికి తగలనివ్వనని కసమ్ తింటేనే ఇంట్లోకి రానిచ్చాడు. కానీ తాగకుండా బార్‌టెండర్ ఎట్లా అవుతాడు? ఏది తీపి ఎక్కువైంది, ఏది చేదు అని తెలియాలి కదా. వాసనతో సగం తెలుస్తుంది. మిగతా సగం బ్లెసన్. నేను కలిపిన ప్రతి గ్లాసులో వాడు చిన్న స్ట్రాతో ఒక చుక్క తీసి రుచి చూసి చెప్పేవాడు. "మున్నా, నిమ్మ తగ్గించు." "మున్నా, గిది ఇస్తే గిరాకి విమానం ఎక్కుడు మాని నిన్ను తరుముతడు." మూడేళ్లు అట్లాగే. నా నాలుక వాడి నోట్లో ఉండేది.

మీకు బైబిల్ మీద మాట ఇచ్చానని నాకూ చెప్పాడు. నేను అడిగాను, మరి ఇది ఏంది రా అని. "తాగుడు వేరు, రుచి చూసుడు వేరు. అమ్మ కూర చేస్తూ ఉప్పు చూస్తది, గది తిన్నట్టా?" అన్నాడు. వాడు దాన్ని నిజంగా నమ్మాడు. మీకు అబద్ధం చెప్పాననుకోలేదు.

మిగతావాళ్లందరూ గిన్నెలో ఉమ్మేవారు. వాడు మాత్రం మింగేవాడు. ఒకటి రెండు చుక్కలకు ఏం కాదు. నేను ఎన్నోసార్లు అడిగాను ఎందుకు ఉమ్మవని. నవ్వేవాడు. "మా అమ్మ కొడతది" అనేవాడు. ఏం కథో నాకు తెలియదు. జోకు అనుకున్నాను.

ఇక ఆ రోజు. నవంబరు పదహారు. ఒక కంపెనీ వాళ్లు కొత్త జిన్ తెచ్చారు. దానితో పది రకాల కాక్‌టెయిళ్లు కలిపి, ఒక్కొక్క బార్‌టెండర్ ఆ పదీ రుచి చూసి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఏది బాగుంటే అది మెనూలోకి. పది గ్లాసులు వాడి ముందు, పది గ్లాసులు నా ముందు. నేను తాగనని చెబితే కంపెనీ వాళ్ల ముందు పరువు పోతుందని నాకు భయం. బ్లెసన్‌కు సైగ చేశాను. వాడు "ఇటు జరుపు" అన్నాడు. తన పదీ చూశాడు, నా పదీ చూశాడు. నా కాగితం వాడు చెప్పినట్టు నేను రాశాను. చుక్కలు కాదు పెద్దమ్మా, ఈసారి గుక్కలు. ఇరవై గుక్కలు. ఒక్కటీ ఉమ్మలేదు.

సాయంత్రం ఆరున్నరకు డ్యూటీ దిగాడు. బాగానే నడిచాడు. బాగానే మాట్లాడాడు. ముఖం కొంచెం ఎర్రబడింది. "కొంచెం సేపు కూసో రా" అన్నాను. "అమ్మ ఎదురుచూస్తది" అన్నాడు. బండి తాళం చెవి నా లాకర్‌లో ఉండేది. నేనే తీసి ఇచ్చాను.

ఆ ట్యాంకర్‌కు లైట్లు లేవన్నది నిజం. రాంగ్ సైడ్‌లో వెనక్కి తీశాడన్నదీ నిజం, పోలీసులే రాశారు. ఆ ఇరవై గుక్కలు లేకుంటే వాడు బ్రేకు వేసేవాడా, తప్పుకునేవాడా? నాకు తెలియదు. రోజూ అడుగుతాను, రోజూ తెలియదు.

వాణ్ణి మట్టి చేసిన రోజు మీ ముఖం చూసి, ఒక్క చుక్క ముట్టలేదు అన్నాను. మీ కోసం అన్నానని ఇన్నాళ్లు అనుకున్నాను. కాదు. నా కోసం అన్నాను. వాడు తాగాడంటే ఎవరి వాటా తాగాడు అని అడుగుతారు కదా.

సొహైల్

*

సాతంరాయి,
అక్టోబరు 5

మున్నా,

నీ ఉత్తరాన్ని పొయ్యిలో పెడదామనుకున్నాను. మాది గ్యాసు పొయ్యి, అదీ కుదరలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను.

నీ మీద నాకు ఎంత కోపం ఉందో రాయడానికి నా అయిదో తరగతి చాలదు. నీ పరువు కోసం నా కొడుకు ఇరవై గుక్కలు మింగాడు. నీకు నోరు లేదా? నేను తాగను సార్ అంటే ఉరి తీసేవాళ్లా? తాళం చెవి ఇచ్చేటప్పుడు, పోయింది అని ఒక అబద్ధం చెప్పలేకపోయావా? చెప్పాల్సిన చోట చెప్పలేదు, చెప్పకూడని చోట చెప్పావు.

ఉపేందర్ మీద కోపం. ఆ కంపెనీ వాళ్ల మీద కోపం. పది రకాలు ఎందుకు, ఒక్కటి సరిపోదా వీళ్లకు? బైబిల్ మీద చేయి వేసి ఉప్పు చూసినట్టే అని సర్దుకున్న నా కొడుకు మీద కోపం. వాడు ఎదురుగా ఉంటే చీపురు తీసేదాన్ని. లేడు. ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక వంటశాలలో క్యారెట్లు ముక్కలకు బదులు పొడి పొడి చేస్తున్నాను. సూపర్‌వైజర్ శిరీష "ఏందక్కా, ఇది హల్వాకా?" అన్నది.

ఇప్పుడు నీకు తెలియని కథ చెబుతాను, జోకు అనుకున్నావు కదా.

వానికి నాలుగేళ్లప్పుడు కాకరకాయ కూర పెట్టాను. నోట్లో పెట్టుకొని తూ అని ఉమ్మాడు. అన్నం మీదే ఉమ్మాడు. ఆ రోజుల్లో మాకు రెండు పూటలు గడవడమే కష్టం. వాళ్ల నాయన మార్కుకు కూలి దొరికితే తెచ్చేవాడు, లేకుంటే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చెంప మీద కొట్టాను. అయిదు వేళ్లు తేలాయి. "దేవుడిచ్చిన దాన్ని నోట్లకెళ్లి ఉమ్ముతవురా? సచ్చినా ఉమ్మొద్దు, మింగాలె" అన్నాను. వాడు కళ్లల్లో నీళ్లు పెట్టుకొని నములుతూ మింగాడు. ఆ తర్వాత ఎన్నడూ ఉమ్మలేదు. జ్వరంలో చేదు మందు కూడా ఉమ్మలేదు. మా వాడు ఏది పెట్టినా తింటాడు అని ఊరంతా గొప్పగా చెప్పుకునేదాన్ని.

నేను ఆ గిన్నె ముందు కూర్చున్నప్పుడు నాకెందుకు ఉమ్మరాలేదో, వానికీ అందుకే రాలేదు.

అందుకని మున్నా, నిన్ను తిట్టడం మొదలుపెడితే మధ్యలో నా చేయి కనబడుతుంది. తిట్టు పూర్తి కావడం లేదు. ఇది ఇంకా చిరాకు. నిన్నన్నా తృప్తిగా తిట్టుకోనివ్వవు.

కూడికకు నలభై రోజులు ఉంది. పాస్టరుగారి భార్య రేచల్ వచ్చి పోయింది. "అక్కా, సాక్ష్యం చెప్తవా? చెప్పకున్నా ఏం గాదు, పాట పాడుకొని ముగిద్దాం" అన్నది. చెప్తాను అన్నాను. ఏం చెప్పాలో తెలియదు. నిరుడు చెప్పిందే చెబితే మంజుల నోరు మూతపడుతుంది. నీ మాట కూడా దాగుతుంది. నా కొడుకు పేరు శుభ్రంగా ఉంటుంది. కానీ ఆ మాట అబద్ధమని ఇప్పుడు నాకు తెలుసు. నిజం చెబితే వాని సమాధి మీద నేనే బురద వేసినట్టు. ఏది చేసినా తప్పే. నువ్వు మొదటే నిజం చెబితే ఈ చిక్కు ఉండేది కాదు.

నువ్వేమంటావో రాయి. నీకూ ఇందులో వాటా ఉంది.

లీలమ్మ

*

మాపుసా,
అక్టోబరు 28

పెద్దమ్మా,

నిజమే చెప్పండి. నా పేరుతో చెప్పండి. సొహైల్ అబద్ధం చెప్పాడని, సొహైల్ గ్లాసులు బ్లెసన్ తాగాడని చెప్పండి. నేను రావడానికి ధైర్యం లేదు. అమ్మీకి ఇంకా చెప్పలేదు. మీ నోటి నుంచి ఎట్లాగో తెలుస్తుంది, తెలియనివ్వండి.

ఆ చెంపదెబ్బ గురించి ఒకటి చెప్పాలి. వాడు "మా అమ్మ కొడతది" అన్నప్పుడు కోపంగా ఎప్పుడూ అనలేదు. నవ్వుతూనే అనేవాడు. అమ్మ కొడుతుందని గొప్పలు చెప్పుకున్నట్టు ఉండేది.

మున్నా

*

సాతంరాయి,
నవంబరు 19

మున్నా,

కూడిక అయిపోయింది. ఎట్లా జరిగిందో రాయాలని మూడు రోజుల నుంచి కాగితం ముందర పెట్టుకుంటున్నాను.

పొద్దున పదింటికి మొదలు. కుర్చీలు చాలక చాపలు వేశారు. ఉపేందర్ వచ్చాడు, హోటల్ నుంచి నలుగురిని వెంటబెట్టుకొని. మీ అమ్మ వచ్చింది. తలమీద కొంగు కప్పుకొని ఆఖరు వరసలో కూర్చుంది. ముందుకు రా అంటే రాలేదు, "నేను గీన్నే మంచిగున్న అక్కా" అన్నది. మంజుల నేను అనుకున్న చోటే, ముందు వరసలో, నోట్‌బుక్కు ఒళ్లో పెట్టుకొని.

పాస్టరుగారు నన్ను పిలిచారు. లేచాను. నీ రెండు ఉత్తరాలు జాకెట్లో ఉన్నాయి. చదవలేదు. నోటికి వచ్చింది చెప్పాను. ఎట్లా చెప్పానో అట్లాగే రాస్తున్నాను:

"నిరుడు నేను ఈన్నే నిలబడి, నా కొడుకు చుక్క ముట్టలేదని చెప్పిన. అది నిజం గాదు. నాకు అప్పుడు తెల్వదు, ఇప్పుడు తెలిసింది. వాని కొలువు మందు కలిపి రుచి చూసుడు. అందరు ఉమ్ముతరు, వాడు మింగేటోడు. ఉమ్మొద్దని చిన్నప్పుడు కొట్టి నేర్పింది నేనే. ఆ దినం ఎక్కువ మింగిండు. బండెక్కిండు. ట్యాంకర్‌కు లైట్లు లేకుండె. ఎవని తప్పు ఎంతనో నాకు తెల్వదు. తెలిసినట్టు నిరుడు మాట్లాడిన. అందుకు దేవుణ్ణి, మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్న. నా కొడుకు తాగుబోతు కాదు. తాగలేదని మాత్రం ఇగ చెప్పను."

ఎవరూ ఆమెన్ అనలేదు.

మంజుల కూర్చున్న చోటి నుంచే అడిగింది: "మరి నిరుడు చుక్క ముట్టలేదని నీకెవరు చెప్పిండ్రక్కా?"

నీ పేరు నా నాలుక చివర ఉంది. చెప్పమని నువ్వే రాశావు. చెబితే నా బరువు సగం దిగేది. ఆఖరు వరసలో మీ అమ్మ తల ఎత్తింది. ఆమెకు ఏమీ తెలియదు. అయినా తల ఎత్తింది, మున్నా. తల్లికి ఎక్కడో తగులుతుంది కాబోలు.

"నేను నమ్మాలనుకున్న, నమ్మిన" అన్నాను. "ఎవరు చెప్పిన్రో నీకెందుకు మంజులా, రాసుకుంటవా?" అన్నాను. ఆమె నోట్‌బుక్కు మూసింది.

నీ మీద జాలిపడి దాచలేదు. నీ అమ్మకు నువ్వే చెప్పుకోవాలి, నేను మోసుకుపోయి చెప్పను. నీ బరువు నా చేత మోయించకు. నా దగ్గర నాది ఉంది. వచ్చి ఆమె ఎదురుగా కూర్చొని చెప్పు. ఆమె కొడితే కొట్టించుకో.

అందరూ పోయాక ఉపేందర్ నా దగ్గరకు వచ్చాడు. ఆ చింతచిగురు కాక్‌టెయిల్‌కు మెనూలో బ్లెసన్ పేరు పెడదామనుకుంటున్నారట, నన్ను అడిగి పెడదామని ఆగారట. వద్దు అన్నాను. పేరు పెడితే మీ గిరాకీలు వాణ్ణి రోజూ తాగుతారు, నాకు వద్దు. అట్లాగే పుల్లటిది అని అడగనివ్వండి అన్నాను. తల ఊపాడు. ఆ గిన్నె కాడ మాత్రం కొత్తగా చేరేవాళ్లకు గట్టిగా చెప్పు, ఉమ్మేదాకా వదలకు, అన్నాను. "చెప్త అమ్మా" అన్నాడు. చెబుతాడో లేదో. మనుషుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు ఇప్పుడు.

రేచల్ అన్నది, నిజం చెప్పినవు అక్కా, ఇగ నీ మనసు తేలిక పడతది అని. తేలిక పడలేదు. మంగళవారం మళ్లీ పనికి పోయాను, మళ్లీ క్యారెట్లు. నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో చెప్పలేను. పోయిందని అబద్ధం రాయను, అబద్ధాలు నాకు చాలు.

నిన్న మీ అమ్మ నీ ఫోటో ఒకటి ఫోన్లో చూపించింది. చెంపలు లోపలికి పోయాయి. కాలర్ ఎముకలు కనబడుతున్నాయి. "రోజుకు ఒక్కపూటనే తింటుండంట అక్కా, ఏమైంది వీనికి?" అని నన్ను అడిగింది. నేనేం చెప్పను?

ఎప్పుడు వస్తావో రాయి. వచ్చేదాకా రెండు పూటలా అన్నం తిను. వేడివేడిగా, కడుపునిండా తిను.

నీ పెద్దమ్మ
లీలమ్మ